మూడో పోస్టు దగ్గర మా పీటీ మిస్

బెంగళూరులో మా గార్మెంట్ ఫ్యాక్టరీ నుంచి రైల్వే స్టేషనుకు నడిచే దారిలో పాత ఎలక్ట్రానిక్ సామాన్ల కొట్టు ఒకటుంది. మొన్న సాయంత్రం అక్కడ టీవీకి ఒక వీడియో గేమ్ పెట్టె తగిలించి, అది పనిచేస్తుందని కొనేవాళ్లకు చూపిస్తున్నారు. బేస్‌బాల్ ఆట. తెల్ల బట్టల బొమ్మ మనిషి బంతిని కొట్టాడు, బ్యాటు పక్కకు విసిరేసి పరుగందుకున్నాడు.

"బ్యాటు మే, బ్యాటు" అన్నాను, పైకే, మా ఊళ్లో ఆడపిల్లల్ని పిలిచే 'మే'తో సహా.

కొట్టతను తలెత్తి చూశాడు. నాతో వస్తున్న అమ్మాయిలు నవ్వారు. వాళ్లకు ఏమని చెప్పాలి? ఆ మాట నాది కాదు. మా బంగారు గనుల ఊళ్లో, చాంపియన్ రీఫ్స్ బళ్లో మాకు పీటీ నేర్పిన మిస్‌ది. ఆమె కిందటేడు పోయింది. రైలు బంగారుపేట దాటేదాకా నా ఒళ్లో పుస్తకం తెరిచే ఉంది, ఒక్క పేజీ కూడా తిప్పలేదు.

మిస్ అనగానే నాకు ముందు గుర్తొచ్చేవి బూట్లు. నేత చీర, దాని కింద తెల్ల కాన్వాస్ బూట్లు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక వాటికి తెల్ల పాలిష్ రాసి, గోడకు ఆనించి ఎండబెట్టేది. గడియారం మణికట్టు లోపలి వైపుకు కట్టుకునేది. విజిల్ మెడలో వేలాడేది కాదు, పిడికిట్లో ఉండేది. ఎప్పుడు ఊదుతుందో మాకు ముందే తెలియకూడదని. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగే ధైర్యం మాలో ఒక్కర్తికే వచ్చింది. "నా విజిల్‌కి నిలబడే మొగోడు దొరకలేదు మే. ఇంగ నువ్వు పోయి లైన్లో నిలబడు" అంది మిస్.

క్రికెట్టు, హాకీ మగపిల్లలవి. మాకు రౌండర్స్. దొరల కాలంలో బళ్లోకి వచ్చిన ఆట. దొరలు పోయారు, గని మూతపడింది, ఆట మాత్రం మిస్ రిటైరయ్యే వరకూ నిలిచింది. చూడనివాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. అప్పడాల కర్రకన్నా కొంచెం పెద్ద బ్యాటును ఒంటి చేత్తో పట్టుకుంటాం. బంతి వేస్తారు. దాన్ని కొట్టి, నాలుగు పోస్టుల చుట్టూ పరుగెత్తి రావాలి. మా పోస్టులు గనిలో అరిగిపోయిన డ్రిల్లు రాడ్లు, నూనె డబ్బాల్లో సిమెంటు పోసి నిలబెట్టినవి. గాలి తోలితే, బంగారం తీసేశాక పోసిన సయనైడ్ దిబ్బ మీది తెల్లటి ఇసుక కళ్లలో పడేది. "కండ్లు మూసుకొనైనా పరుగెత్తు" అనేది మిస్.

బంతి సరిగ్గా పడితే తగిలినా తగలకపోయినా పరుగెత్తాల్సిందే. పరుగెత్తేటప్పుడు బ్యాటు చేతిలోనే ఉండాలి, వదిలితే ఔట్. ఒక పోస్టు దగ్గర ఇద్దరు నిలబడకూడదు. వెనక నుంచి ఇంకొకరు వచ్చి ముట్టుకుంటే, ముందున్నవాళ్లు ఆ పోస్టు వదిలి ముందుకు పోవాలి. ఎక్కాలు రాని పిల్లకు కూడా ఇవి వచ్చేవి.

నేను మాత్రం ఎప్పుడూ మొదటి పోస్టు చేరకముందే ఔట్. క్యాచ్ పట్టిన దాఖలా లేదు. గ్రౌండు అంచున కూర్చుని కథల పుస్తకం చదువుతూ దొరికిపోయేదాన్ని. నాకు మిస్ పెట్టిన పేరు లైబ్రరీ. "లేయ్ మే లైబ్రరీ. నీ పుస్తకంలో పిల్ల పరుగెత్తతా ఉండాది, నువ్వు కూచోని ఉండావు." అది వెక్కిరింపే. అయినా ఆ పేరును నేను ఇప్పటికీ బిరుదులాగే మోస్తున్నాను.

రిటైరైన చాలా ఏళ్లకు మిస్ పడింది. వాళ్ల నాన్నకు గనిలో పనిచేసినప్పుడు ఇచ్చిన క్వార్టరులోనే ఒక్కతే ఉండేది. ఆ ఇళ్లలో మరుగుదొడ్డి వెనక ఉంటుంది, గుమ్మం దిగి పెరడు దాటి పోవాలి. ఆ గుమ్మం మెట్టు దిగుతూ జారింది. తుంటి ఎముక విరిగింది. కోలారులో ఆపరేషన్ చేశారు, బాగానే చేశారు. లేచి నడవొచ్చు, నడవాలి కూడా అని చెప్పి, రెండు చేతులతో పట్టుకుని నడిచే నాలుగు కాళ్ల స్టీలు స్టాండు ఇచ్చి పంపారు. మిస్ దాన్ని మంచం పక్కన నిలబెట్టి, దాని మీద తువ్వాలు ఆరేసుకుంది.

పక్కింటామె వచ్చి వండిపెట్టేది, మిగిలిన అవసరాలన్నీ మంచం మీదే చూసేది. వ్యాయామం నేర్పడానికి వచ్చిన అతన్ని మిస్ రెండో రోజే పంపించేసింది. "వాని నడుమే వంకరగా ఉండాది. నాకు నేర్పిస్తాడంట." అడిగితే కాలు నొప్పి అనేది. నొప్పి కాదని నాకు తెలుసు, పక్కింటామెకూ తెలుసు. స్టాండు పట్టించి లేపబోతే చూపు నేలకు అంటుకుపోయేది. ఊళ్లో ఆడపిల్లలందరినీ పరుగెత్తించిన మనిషికి మళ్లీ పడతానేమోనని భయం. ఆ భయం పైకి కనిపిస్తుందేమోనని ఇంకా పెద్ద భయం.

ఆమె తమ్ముడు బైరకూరులో ఉంటాడు. వాళ్ల సొంతూరు అదే. టమోటా, మామిడి చూసుకుంటాడు. ఆయన వచ్చి మాట్లాడిన రోజు నేను అక్కడే ఉన్నాను.

"అక్కా, నువ్వు ఈడ ఒక్కదానివే ఇట్ల పడుకోని ఉంటే నాకు నిద్ర పట్టడం లేదు. మామిడికాయల పని అయినాక వ్యాను తీసుకోని వస్తా. అంతలోపల నీ అంతట నువ్వు లేసి, దొడ్డికి పోయి వచ్చేట్లుంటే సరే, నేనేమీ మాట్లాడను. లేదంటే బైరకూరికి పోదాము."

"బైరకూర్లో నాకెవరు తెలుసురా?"

"నేను తెలీదా?"

మిస్ గోడ వైపు తిరిగింది. ఆయన వెళ్లిపోయాక నాతో అంది. "నడుచుకోని అయితే యాడికైనా పోతా మే. ఈ ఇంట్లో నుంచి నన్ను ఎత్తుకోని పోయేది ఒక్కసారే ఉండాల. సిమెట్రీకి."

ఆదివారాలు ఫ్యాక్టరీ సెలవు కాబట్టి నేను వెళ్లి కూర్చునేదాన్ని. ఒక ఆదివారం చూస్తే టీవీ కింద నల్ల పెట్టె, దానికి తీగతో వేలాడే బటన్ల పిడి. బెంగళూరులో ఉద్యోగం చేసే మేనల్లుడు తనకు కొత్తది కొనుక్కుని, అత్తకు పొద్దు గడుస్తుందని పాతది తెచ్చి తగిలించి పోయాడు. దాంతో వచ్చిన ఆట ఒకటే, బేస్‌బాల్. నేను వెళ్లేసరికి మిస్ కోపంగా ఉంది.

"చూడు మే, రౌండర్స్‌ని ఏం చేసి పెట్టినారో. బ్యాటు పారేసి పోతాడు. ఆ చూయింగ్ గమ్ నమిలేది చూడు. నా గ్రౌండులో నమిలింటే చేతిలోకి ఉమ్మించేదాన్ని. ఇదో, ఈ గడ్డం ఆయనకి నీ పేరు పెట్టినా."

"ఏమిటికి మిస్?"

"మొదటి పోస్టు చేరడు."

బంతి వచ్చే లోపల ఆమె బొటనవేలు బటన్ మీదికి వెళ్లేది కాదు. వెళ్లేసరికి బంతి కీపరు చేతిలో ఉండేది. అందుకు బాధపడలేదు. ఆమెకు ఒళ్లు మండింది వేరే విషయానికి.

"బంతి పోయినాది. తగల్లేదు. సరే. పరుగెత్తాల కదా? ఏమిటికి అట్లే నిలబడి ఉండాడు, ఫోటో తీస్తారనా?"

ఆ వారం ఒక పూట సెలవు పెట్టి మా ఊరి రాబర్ట్‌సన్‌పేట లైబ్రరీకి పోయాను. అక్కడ అద్దాల బీరువాలో ఇంగ్లీషు విజ్ఞానసర్వస్వం సంపుటాలున్నాయి. తాళం తీయమని అడిగేది నేనొక్కదాన్నే కావడంతో, నన్ను చూడగానే లైబ్రేరియన్ సొరుగు తెరుస్తాడు. పదో తరగతితో నా బడి ఆగింది, చదువు మాత్రం ఆ బీరువా దగ్గర సాగుతూనే ఉంది. డిక్షనరీ పక్కన పెట్టుకుని బేస్‌బాల్ గురించి రాసిందంతా చదివాను. మూడుసార్లు తప్పితేనే ఔట్, అంతవరకూ కదలక్కర్లేదు. నాలుగు చెడ్డ బంతులు పడితే బ్యాటరు తీరిగ్గా నడుచుకుంటూ మొదటి పోస్టుకు పోవచ్చు. వీటన్నిటికన్నా నాకు సంతోషం కలిగించింది ఇంకొకటి. ఆ ఆటా, మా రౌండర్సూ ఒకే కుటుంబంలోవట. ఆదివారం ఎప్పుడొస్తుందా అని చూశాను.

మిస్ కళ్లు మూసుకుని అంతా విన్నది.

"నడిచిపోవచ్చంటనా? నడిచేదానికి గ్రౌండు ఏమిటికి? పోనీ, ఒకటే కుటుంబం అన్నావు కదా. ఐతే మనది అక్క, అది చెల్లెలు."

"ఏది ముందో ఖాయంగా రాయలేదు మిస్."

"నేను చెప్తా ఉండా కదా. మనదే అక్క. చెల్లెలు చెడిపోతే అక్క చూస్తా ఊరుకోదు. ఈ ఇంట్లో ఆడినంత కాలం రౌండర్స్ రూలే. తగిలినా తగలకున్నా పరుగెత్తాల్సిందే."

నాకు ఆ ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు.

"ఎవరు పరుగెత్తాల మిస్? ఆ బొమ్మాయన మన మాట వినడు. బ్యాటు పట్టుకోని ఉండేది మీరు."

వంటింట్లో పక్కింటామె గరిటె చప్పుడు ఆగిపోయింది. మిస్ చేతిలోని పిడిని దుప్పటి మీద పెట్టింది.

"చాలాసేపైంది. ఇంగ ఇంటికి పో" అంది.

ఆ వారమంతా నాకు మనసు మనసులో లేదు. తర్వాతి ఆదివారం భయపడుతూనే వెళ్లాను. మిస్ మంచం అంచున కూర్చుని ఉంది. కాళ్లకు తెల్ల బూట్లు. పక్కింటామె వాటి తాళ్లు కట్టి లేస్తోంది. స్టాండు మీద తువ్వాలు లేదు.

"బీరువా మొదటి పోస్టు" అంది మిస్, గ్రౌండులో అన్నంత గట్టిగా. "వంటింటి గుమ్మం రెండు. వెనక వాకిలి మూడు." నాలుగోదాని పేరు చెప్పలేదు. పెరటి వైపు గడ్డంతో చూపించింది.

టీవీలో బంతి వచ్చింది. తగల్లేదు. మిస్ పిడిని వదలకుండానే స్టాండును రెండు చేతులా పట్టుకుని లేచింది. నేను భుజం కింద చెయ్యి వేయబోయాను.

"ఫీల్డరు బ్యాటరును ముట్టుకోగూడదు."

చెయ్యి తీసేశాను. స్టాండు జరిగింది, ఒక బూటు జరిగింది, రెండోది జరిగింది. మళ్లీ స్టాండు. మంచానికీ బీరువాకూ మధ్య అంత దూరం ఉందని నాకు ఎప్పుడూ తోచలేదు. సగం పోయేసరికి పిడి తీగ బిగుసుకుంది. టీవీ కింద నల్ల పెట్టె బల్ల అంచుకు జారింది. నేను ఒక్క దూకు దూకి, అది నేల తాకేలోపు రెండు చేతులతో పట్టుకున్నాను. టీవీ నల్లబడిపోయింది. మిస్ ఆగలేదు. బీరువా తలుపును అరచేత్తో ముట్టుకుంది, అప్పుడు తిరిగి చూసింది.

"క్యాచ్ పట్టినావు మే. బళ్లో ఒక్కటైనా పట్టింటే టీములో ఏసుకొనేదాన్ని కదా."

"ఆ పిడి వదిలేసి పోవచ్చు కదా మిస్."

"వదిలితే ఔట్."

ఆ సాయంత్రమే మేనల్లుడికి ఫోన్ చేసి తీగ లేని పిడి పంపమంది. అది వచ్చాక రోజూ ఆట సాగింది. వారపు రోజుల్లో పక్కింటామె, ఆదివారం నేను. మిస్ బీరువా దాకా పోయి వచ్చేలోపు టీవీలో ఆమె మనిషి నిలబడి నిలబడి ఔటయ్యేవాడు. "సోమరిపోతుకు అంతే కావాల" అనేది. ఒక్క ఆట కూడా గెలవలేదు, స్కోరు వైపు చూసేదే కాదు. బీరువా తర్వాత వంటింటి గుమ్మం వచ్చింది. దాని తర్వాత వెనక వాకిలి కూడా వచ్చింది.

అక్కడ ఆగిపోయింది.

బజారులోకి ఊరగాయ మామిడికాయలు వచ్చాయి, తర్వాత పండ్లు వచ్చాయి. పక్కింటామె కోసి పెడితే మిస్ పళ్లెం పక్కకు జరిపేది. రోజూ వెనక వాకిలి దాకా వెళ్లి, తలుపు చట్రం పట్టుకుని నిలబడి, మెట్టు వైపు చూసి తిరిగి వచ్చేది. ఏమైనా అంటే, "మూడో పోస్టు కాడ ఎంతసేపైనా నిలబడచ్చు. రూలు ఉండాది" అనేది. నిజమే, ఉంది.

ఒక ఆదివారం మాత్రం, పక్కింటామె నీళ్లకు పోయినప్పుడు, నా వైపు చూడకుండా చెప్పింది.

"ఆ మెట్టు కాడికి వస్తే నా కాలు నాది కాదు మే. ఆ పొద్దు కింద పడి ఉన్నప్పుడు విజిల్ కోసం వెతికినా. పిడికిట్లో ఏమీ లేదు. అరిచేదానికి సిగ్గేసింది. నేను అరిస్తే ఈ క్వార్టర్ల లైనంతా వస్తారు, అందరూ నా పిల్లోళ్లే. చీర కూడా సరిగ్గా లేదు. పాలామె వచ్చేదాకా సుమ్నే, ఊరికే అట్లే పడుకోని ఉండినా."

నేను చదివిన ఏ పుస్తకమూ అప్పుడు అక్కరకు రాలేదు.

తర్వాతి శనివారం తమ్ముడు ఫోన్ చేశాడు. కాయలన్నీ మండీకి పోయాయి, ఇంకో వారంలో వ్యాను తెస్తానన్నాడు. మర్నాడు నేను వెళ్లేసరికి మిస్ అప్పటికే వెనక వాకిలి దగ్గర నిలబడి ఉంది. ఈసారి పిడి తీసుకుపోలేదు, అది మంచం మీదే ఉంది. రౌండర్స్ లెక్కన ఆమె తన వంతు అయిపోయి పోస్టు దగ్గర నిలబడిన బ్యాటరు. తర్వాత బ్యాటింగ్ చేయాల్సింది ఇంకొకరు.

నేను పిడి అందుకున్నాను. టీవీలో బంతి వచ్చింది, బటన్ నొక్కాను. తగిలిందో లేదో చూడలేదు. పిడి చేత్తో పట్టుకుని పరుగెత్తాను. బీరువా ముట్టుకున్నాను. వంటింటి గుమ్మం ముట్టుకున్నాను, పక్కింటామె చారు గిన్నెతో గోడకు అతుక్కుపోయింది. వెనక వాకిలి చేరి, తలుపు చట్రం మీద మిస్ చేతికి పైన నా చెయ్యి వేశాను.

"మూడో పోస్టు, మిస్" అన్నాను రొప్పుతూ.

మిస్ నా చెయ్యి వైపు చూసింది. తర్వాత నా మొహం వైపు చూసింది.

"నువ్వా? మూడో పోస్టు దాకా?"

"వచ్చినా మిస్. ఇంగ మీరు వదలాల."

ఆమె పెట్టిన రూలు మీద ఆమె ఏనాడూ వాదించలేదు. చట్రం మీద వేళ్లు ఒక్కొక్కటే వదిలాయి. స్టాండును ఎత్తి మెట్టు కింద ఆనించింది. పెదవులు బిగించి ఒక కాలు దించింది. రెండో కాలు దించడానికి చాలాసేపు పట్టింది. నేను నా పోస్టు వదలకూడదు, వదల్లేదు. ఆమె వీపునే చూస్తూ నిలబడ్డాను. పెరడు దాటి, దొడ్డి రేకు తలుపును అరచేత్తో ఒక్క చరుపు చరిచింది. తర్వాత లోపలికి పోయి గడియ పెట్టుకుంది.

ఎంతసేపటికీ చప్పుడు లేదు.

"మిస్?"

"ఏం మే? ఇంత దూరం వచ్చి సుమ్నే తిరిగి వస్తానా?"

పక్కింటామె నవ్వు ఆపుకోలేక మెట్టు మీద కూలబడింది.

తర్వాతి ఆదివారం తమ్ముడు వ్యానుతో వచ్చాడు. వెనక పరుపు పరిచి, దిండ్లు సర్ది తెచ్చాడు. మిస్ గేటు దగ్గర స్టాండు పట్టుకుని నిలబడి ఉంది. ఆయన దిగి, చూసి, భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. లోపలికి వచ్చి కూర్చున్నాడు. ఆయన కాఫీ తాగుతుండగా మిస్ ఎవరూ అడగకుండానే వెనక్కి పోయి వచ్చింది. ఆయన గ్లాసు కింద పెట్టి నేల చూస్తున్నాడు.

"ఏంరా, ఓడిపోయినావని ముఖం అట్ల పెట్టినావా?"

"అట్ల కాదు అక్కా. నువ్వు నడిచినావు, నాకు సంతోషమే." గ్లాసును పక్కకు జరిపాడు. "బైరకూరు ఇంట్లో లోపల్నే బాత్రూము కట్టించినా. కుర్చీ మాదిరి కూచొనేది పెట్టించినా. గోడకి పట్టుకొనేదానికి పైపు ఏయించినా. నీకు పచ్చ ఇష్టమని రూముకి పచ్చ రంగు కొట్టించినా. మామిడికాయల పని ఎప్పుడో అయిపోయినాది. ఇది కట్టేదానికే ఇన్ని దినాలు పట్టినాది."

ఇన్నాళ్లూ మేము ఆయన మీద గెలవడానికి ఆడుతున్నామని అనుకున్నాను. ఆ ఆటకు అవతల ఆయన గోడ కడుతున్నాడని మాలో ఎవరికీ తెలియదు. మిస్ మొహం వైపు చూడలేక నేను టీవీ వైపు చూశాను.

మిస్ స్టాండు అందుకుని లేచింది.

"పద."

"యాడికి అక్కా?"

"నీ పైపు సరైన ఎత్తులో ఏసినారో లేదో చూడొద్దా? పొద్దు మునిగేలోపల తెచ్చి దించాల."

పరుపు వైపు చూడనైనా చూడలేదు. ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చుంది, స్టాండును ఒళ్లో పెట్టుకుని. వ్యాను కదిలాక డ్రైవరుకు హారన్ ఎప్పుడు కొట్టాలో చెప్పడం మాకు వీధి మలుపు దాకా వినిపించింది.

సాయంత్రం నేనూ పక్కింటామే గేటు దగ్గర కూర్చున్నాం. ఎండ తగ్గి, దిబ్బ నీడ ఇళ్ల మీదికి వస్తున్నప్పుడు వ్యాను వచ్చింది. మిస్ తనే దిగింది.

"ఎట్లుండాది మిస్?"

"పైపు బాగుండాది. రంగు కొంచెం ముదురు. వానల్లో ఒక నెల పోయి ఉంటానని చెప్పినా."

గేటు నుంచి గుమ్మం దాకా స్టాండు చప్పుడు చేసుకుంటూ నడిచింది. తమ్ముడు ఆమె వెనకే, కొత్తగా నడుస్తున్న బిడ్డ వెనక నడిచినట్టు, రెండు చేతులూ ముందుకు చాపి, ముట్టుకోకుండా నడుస్తున్నాడు. మిస్ వెనక్కి తిరగలేదు.

"చేతులు దించురా. పడితే నేనే అరుస్తా."